టీవీ కట్టేసిన సాయంత్రం

హాంబర్గ్,
12 అక్టోబరు 2025

ఊవె గారికి నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. ఇరవై నాలుగేళ్ల కిందట, ఇంటి నిండా కెమెరాలు పెట్టి మనుషుల్ని చూపించే కార్యక్రమంలో మీరున్నప్పుడు, జర్మన్ నేర్చుకుందామని రోజూ చూసేదాన్ని. నా డైరీ ప్రకారం 2001 మార్చి 9, సాయంత్రం ఏడుంబావుకు, బయట మీ కోసం ఎదురుచూస్తున్నది మాథియాస్ అనే అబ్బాయని మీరు నవ్వుతూ చెప్పారు. నేను లేచి టీవీ కట్టేశాను.

పక్కనే భోంచేస్తున్న మా మనవరాలు స్నిగ్ధకు అప్పుడు పన్నెండేళ్లు. "అమ్మమ్మా, ఆయనేం తప్పు చేశాడు?" అంది.

"మాట్లాడకుండా పెరుగన్నం తిను" అన్నాను.

పోయిన నెల స్నిగ్ధ యోహన్నా అనే అమ్మాయిని ఇంటికి తెచ్చి, తామిద్దరూ పెళ్లి చేసుకుంటున్నట్టు చెప్పింది. "నువ్వు టీవీ కట్టేస్తే ఏమైంది అమ్మమ్మా? మిగతాదంతా పక్కింటి వెబర్ గారి సోఫాలో కూర్చుని చూశా. ఆయన లేకపోతే ఇలాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని" అంది.

ఆ రోజుల్లో పత్రికలు మిమ్మల్ని ఎంత వెక్కిరించాయో కూడా చెప్పింది. అదంతా భరించి మీరు మా పిల్లకు తోడుగా నిలిచారు. దానితో ఒకే ఇంట్లో ఉండి కూడా నేను చేయని పని అది. మీకు ఎంతో కృతజ్ఞురాలిని. డిసెంబరు ఆరున పెళ్లి. మీరూ మాథియాస్ గారూ తప్పకుండా రావాలి.

ఉత్తరం రాసేంత జర్మన్ నాకు ఇప్పటికీ రాలేదు. దీన్ని అనువదించేది స్నిగ్ధే. అందుకే దాని పాత ప్రశ్నకు జవాబు ఇక్కడే రాస్తున్నాను. ఆయన ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది.

స్నిగ్ధా, ఈ వాక్యం వదిలేయకు.

స్నిగ్ధ అమ్మమ్మ