కబడ్డీ గ్రౌండులో ప్లాట్లు

నాయినా, ఆదివారం మల్లన్న ఎన్నికల సభలో నేను మాట్లాడాలి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నువ్వు మన లక్డారంలో కబడ్డీ నేర్పిన మల్లన్న పెద్ద టీముల్లో ఆడి వచ్చి, ప్లాట్ల వ్యాపారం చేస్తూ, ఇప్పుడు సర్పంచ్‌గా నిలబడ్డాడు. నేను అతని ఆఫీసులోనే పనిచేస్తున్నాను.

మన ఊరి గ్రౌండును కూడా ప్లాట్లు చేస్తాడట. నిన్న కొలతలకు వచ్చి, కూతకు వెళ్లేటప్పటిలాగే మట్టి తాకి కళ్లకద్దుకున్నాడు.

"చెల్లే, గ్రౌండ్ నాకియ్యమని మీ నాయిన పోయేముందు అన్నడని జెర చెప్పు. సదువుకున్న పిల్లవు, నీ మాటయితే ఊరు ఇంటది" అన్నాడు.

నువ్వలా అనలేదు. అయినా "సరే అన్నా" అన్నాను. ఇంటికొచ్చి, మేకుకు వేలాడే నీ విజిల్‌ను బీరువాలో పెట్టేశాను.

శనివారం లోపు జవాబివ్వు. నీకు రాయడం రాదు కదా, "వద్దు బిడ్డా" అను చాలు, నేనే రాసుకుంటాను.