గాలి తగ్గేదాకా

అక్కా,

ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడుపొస్తుందని రాస్తున్నాను. వంతెన ముందున్న పెట్రోల్ బంకులో నిన్నటినుంచి ఇరుక్కుపోయాం. ఈ గాలికి ఎత్తు బండ్లని వంతెన మీదికి వదలడం లేదు.

ఇల్లు అమ్మి ఈ ఇల్లులాంటి బండి కొన్నప్పుడు "ఇక ఊళ్ళన్నీ మనవే" అన్నారు ఈయన. ఇప్పుడు తలుపు తియ్యడానికే లేదు. తీస్తే గాలి ఊడబీక్కుపోతుందట. నిన్న దారిలో ఒక్క విసురుకి బండి పక్క వరసలోకి జరిగింది. ఈయన మొహంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు.

ఇక్కడ ఆగాక పక్క లారీ డ్రైవరు కిటికీ దగ్గరకొచ్చి అరిచాడు: "బాబాయ్, బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టు. నీళ్ళ ట్యాంకు నిండుగా ఉంచు. కింద బరువుంటే బండి ఊగదు."

అంతే, అప్పటినుంచి నన్ను నీళ్ళు ముట్టుకోనివ్వడం లేదు. గిన్నెలు అలాగే పడున్నాయి. మొహం కడుక్కుంటానన్నా "బండి పడిపోతుందే" అంటారు. ఈ బండిలో ఇక నావల్ల కాదక్కా.

అందుకే అడుగుతున్నాను. మీ మేడమీద గది ఎవరికీ అద్దెకివ్వకు. గాలి తగ్గగానే బస్సెక్కి వచ్చేస్తాను. ఈయనకింకా చెప్పలేదు.

బండి ఆగే ఉన్నా ఈయన స్టీరింగ్ వదలడం లేదు. నేను చూడటం గమనించి, ఇటు తిరక్కుండానే అన్నారు:

"వదినకేగా రాస్తున్నావ్? మంచాలు రెండు వెయ్యమని రాయి."

రాశానక్కా.

నీ చెల్లి