లక్ష దళాలు

కోరుట్ల, సోమవారం రాత్రి

శివరాత్రి కరపత్రం గుడివాళ్లు నన్నే రాసిమ్మన్నారు. "లక్ష బిల్వ దళాలతో అర్చన. ప్రజలారా, కదలి రండి" అని రాసిచ్చాను. తెలుగు పంతులు రాత కదా, కొంచెం గంభీరంగా ఉండాలనుకున్నాను. సాయంత్రం ప్రెస్సు రాజయ్య ఆ కాగితం పట్టుకుని ఇంటికే వచ్చేశాడు.

"సార్, ఒక్క నక్సలైట్ల దళం కోసమే పోలీసోల్లు ఊర్లన్ని జల్లెడ పడుతుండ్రు. మీరు లక్ష దళాలంటిరి. నన్ను బతకనియ్యరా?"

నవ్వబోయి ఆగిపోయాను. పోయిన నెల ఎవరిదో కరపత్రం అచ్చు వేశాడని పాపం అతన్ని రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు.

పర్యాయపద నిఘంటువు తీశాను. దళానికి 'పత్రం' ఉంది.

"లక్ష పత్రాలంటే కరపత్రాలనుకుంటరు సార్."

'పర్ణం' చూపించాను.

"గదేంది సార్, కొత్త పార్టీనా?"

వంటింట్లోంచి మా ఆవిడ అంది: "మారేడాకులని రాస్తే అయిపాయె గదా!"

ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి, 'ఆకు' అని రాయడానికి చెయ్యి రాలేదు. రాజయ్య ముఖం చూసి రాశాను. 'ప్రజలారా, కదలి' కొట్టేసి 'అందరూ రండి' అన్నాను. అతను రెండుసార్లు చదువుకుని, చాయ్ తాగి, నవ్వుతూ వెళ్లాడు.

తర్వాత మా ఆవిడ చిత్తుప్రతి తీసుకుని చివరిదాకా చదివింది. నా రాతను ఒక్క మాటకూ అర్థం అడగకుండా ఆమె చదవడం ఇదే మొదటిసారి. "మంచిగున్నది" అంది.

మరి ఇన్నేళ్లూ నేను రాసినవన్నీ ఎవరు చదివినట్టు?