గాజులత్తను చూసి వచ్చాను

చిరంజీవి సౌభాగ్యవతి నాగమ్మకు హోసూరు నుంచి నీ అక్క మునిరత్నమ్మ దీవించి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. మోకాళ్లు కూడా క్షేమమే, మెట్లెక్కేటప్పుడు మాత్రం నా మాట వినవు. మరిదికి దగ్గు తగ్గిందా? అబ్బాయి, కోడలు సుమతి బాగున్నారా? తోటలో కాపు ఎలా ఉంది?

ఫోనుండగా ఉత్తరమెందుకని కళ్లజోడు వెతుక్కుంటూ గొణుక్కుంటున్నావేమో. ఫోనులో సుమతి ఉద్యోగం మాట ఎత్తితే చాలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేస్తావు. ఉన్న ఒక్క ఆవుకు రోజంతా అన్ని పాలు ఎలా పొంగుతాయో నాకర్థం కాదు. ఉత్తరాన్నయితే చివరిదాకా చదవక తప్పదు కదా.

ఇక్కడ నాకే లోటూ లేదు, దిగులు పడవద్దు. ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లల హాస్టల్లో వంట నా పని. చలి మన వేప్పనపల్లి కంటే ఎక్కువ, పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. పిల్లలు మంచివాళ్లు. నేను కెలికిన రాగి సంగటిని తమిళ పిల్లలు కళి అంటారు, పేరేదైతేనేం, గిన్నె ఖాళీ చేస్తారు. అందరికీ నేను పాట్టినే, అంటే అవ్వను. అక్కా అని పిలిచేవాళ్లు లేరు, అదొక్కటే వెలితి. అయినా బాగానే ఉన్నాను.

సాయంత్రమైతే అందరం టీవీ ముందు చేరతాం. మనం తెలుగులో చూసే సీరియలే ఇక్కడ తమిళంలో వస్తుంది. చేతుల నిండా గాజులు ఆడిస్తూ చిన్నకోడలి ప్రాణం తీసే ఆ అత్తకు మనం గాజులత్త అని పేరు పెట్టుకున్నాం కదా, ఆమెను ఇక్కడి పిల్లలు తమిళంలో తిడతారు, నేను తెలుగులో తిడతాను. తిట్టేవాళ్లందరం ఒకటైపోతాం. ఎన్నేళ్లుగా సాగుతోందో ఆ కథ! నువ్వూ నేనూ ఒకే చాప మీద కూర్చుని ఆమెకు పెట్టిన శాపాలు ఫలించి ఉంటే ఈపాటికి బూడిద కూడా మిగిలేది కాదు. కానీ ఆమె రాని రోజు కథ చప్పగా ఉందని విసుక్కున్నదీ మనమే.

ఆ సీరియల్లో చిన్నకోడలు పనికి పోయింది, ఇల్లు రెండు ముక్కలయింది. ఆ భాగం వచ్చిన మర్నాడే సుమతిని ఫ్యాక్టరీకి పంపేది లేదని తేల్చేశావు. వచ్చే సోమవారం చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందని నీకూ తెలుసు. కంపెనీ బస్సు వేప్పనపల్లి దాకా వస్తుంది, చీకటి పడేసరికి ఇంట్లో దింపుతుంది. అయినా నువ్వు టీవీలో చూసిందే సాక్ష్యమన్నావు. అందుకే నేను చూసింది కూడా చెబుతాను, విను.

పోయిన ఆదివారం కృష్ణగిరిలో పట్టుచీరల అంగడి తెరవడానికి గాజులత్త వస్తుందని తెలిసి, హాస్టలు పిల్ల సెల్వి నన్నూ వెంటబెట్టుకుని పోయింది. బస్టాండు దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. నేను ఆమెను నాలుగు కడిగి రావాలనే పోయాను. మోచేతులతో దారి చేసుకుని ముందుకు పోతే, ఎదురుగా నిలబడి ఉంది నాగా! టీవీలో గడప నిండా కనబడే మనిషి నా భుజం దాకా కూడా రాదు. అయినా వెనక్కి తగ్గక, "ఏమ్మా, ఆ బిడ్డనెందుకట్ల ఏడిపిస్తావు?" అని మన తెలుగులోనే అడిగేశాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "నేను యాడ ఏడిపించినానమ్మా? వాళ్లు చెప్పినట్ల చేసినాను" అంది. "మా అత్త పొద్దన్నే లేచి క్యారియర్ కట్టి పంపిస్తాది. ఆ అన్నం తిని ఆడికి పోయి అత్త వేషం కడతాను. ఆమె పంపకుంటే నేను ఇల్లు దాటేదాన్నే కాదు."

అచ్చం మన మాట! పుట్టిల్లు కుప్పం పక్కనేనట. గొంతు మాత్రం టీవీలో ఉరిమే గొంతు కాదు, జలుబు చేసినట్టు సన్నగా ఉంది. తమిళంలో ఆమెకు వేరొకామె గొంతు ఇస్తుందని సెల్వి చెప్పింది. తెలుగులోనైనా సొంత గొంతేనా అని ఆమెనే అడిగితే, మన యాస టీవీకి పనికిరాదని అక్కడా ఇంకొకామెను పెట్టారట. మనల్ని అన్నేళ్లు వణికించిన ఒక్క అత్తను తయారు చేయడానికి ముగ్గురు ఆడవాళ్లు కావలసి వచ్చారు! అందులో ఎవరిని తిట్టామో నాకు తెలియలేదు. తిరుగు బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ, ఊళ్లు ఎలా దాటిపోయాయో చూడలేదు.

అంత తెలిసీ మర్నాడు సాయంత్రం ఆమె గాజులు గలగలమనగానే నా నోరు ఊరుకోలేదు, తిట్టాను. తిడుతూనే, ఈమె క్యారియర్ తిన్నదో లేదో అనుకున్నాను. ఇదేం విచిత్రమో నువ్వే చెప్పాలి.

కొత్త మామిడి ఊరగాయ ఒక సీసా పంపు. పూజలు వదలని మన పెద్దమ్మకు నా దండాలు చెప్పి, నా మోకాళ్ల కోసం కూడా దేవుడికి ఒక మాట చెప్పమను. మరిదికి, అబ్బాయికి నా దీవెనలు.

ఇంకొక్క మాట. ఇక్కడ సీరియల్లో చిన్నకోడలుగా వేసే పిల్ల మారిపోయింది. ఇకపై ఈ పాత్రలో ఈమె అని టీవీ కింద ఒక వరుస వేశారు, అంతే. రెండు రోజుల్లో అందరం కొత్త ముఖానికి అలవాటు పడిపోయాం. నిన్న ఆ వింత సుమతికి ఫోనులో చెబితే నవ్వింది. సుమతి నీకు పెళ్లితోనే కోడలైన పిల్ల కాదు నాగా, అంతకు ముందే మన తమ్ముడి కూతురు. మాటలు రాగానే అది నేర్చిన పిలుపు అత్తా. వాళ్లమ్మ కొట్టినప్పుడల్లా నీ ఇంటికే పరిగెత్తుకొచ్చి నీ ఒళ్లో ముద్దలు తిన్న పిల్ల. నవ్వడం ఆపి అదేమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"టీవీలో అయితే మనిషి మారితే కింద రాసి చెప్తారు పెద్దత్తా. మా అత్త ఎప్పుడు మారిపోయిందో నాకెవురూ చెప్పలేదు."

నాకు ఏడుపు వచ్చింది. సోమవారం పొద్దున బస్సు వస్తుంది. దాన్ని ఎక్కించడానికి ఏ అత్త వస్తుందో నువ్వే తేల్చుకో.

ఎల్లప్పుడూ నీ మేలు కోరే అక్క,
మునిరత్నమ్మ