అట్టమీద నీ పేరే

పుంగనూరు

రెడ్డెమ్మక్కా,

బాగుండావా అని అడిగేదానికి నోరు రాలేదు. నువ్వు పోయి ఏడాది దాటిపోయింది. ఈడ మేమంతా ఉండాము... తింటాండాము, పండుకుంటాండాము, అంతే.

పట్టుపురుగులు మళ్ళా తెచ్చినాము. పొద్దన వాటికి మల్బరీ ఆకు కోసేదానికి పోయేటప్పుడు ఇంగా రెండు కొడవళ్ళు ఎత్తుకుంటాను. అలవాటు యాడికి పోతాది? రెండోది గట్టుమీదే పడుంటాది.

నీ పటం గోడకు వెయ్యలేదక్కా. నీ మొగుడు, బావది ఒకటే ఉండాది. ఏనుగు తొక్కి సచ్చినోళ్ళది దుర్మరణమంట. ఇంట్లో పటం పెట్టకూడదంట, పేరెత్తకూడదంట. అత్త తేల్చి చెప్పేసింది. పెద్దలకు గుడ్డలు పెట్టేనాడు నీకొక రైకగుడ్డ కూడా పెట్టలేదు. పెండ్లయి వచ్చిన కాడ్నుంచి ఈ ఇంటికి చాకిరీ చేసినావే, గోడలో ఒక మేకన్నా నీకు దక్కకూడదా?

సరే, ఏడుపు పక్కన పెడతాను. సంగతి చెప్పాల. మన కథ పుస్తకమయింది.

నీకు గ్యాపకముండాదా? పురుగుల షెడ్డులోకి బయటోళ్ళు రాకూడదు, వాటికి రోగం తగులుతాదని. నా మొగుడు, మీ మరిది కూడా పట్టుగూళ్ళు మార్కెట్టుకు ఎత్తేనాడే తొంగిచూసేది. ఆడది ఒంటిగా కూర్చోని రాసుకునేదానికి మనకు అంతకంటే చోటు యాడుండాది? పురుగులు పొర విడిచేదానికి జ్వరమొచ్చినట్టు పడుకున్నప్పుడు ఆకు వేసే పనుండదు. అవి తలెత్తుకోని కదలకుండా ఉంటే మనకు రవ్వంత తీరిక. అప్పుడే నేను రాసింది చదివేదాన్ని, నువ్వు పురుగులు గూడు కట్టే చంద్రికల తట్టలు దులపతా వినేదానివి.

మొగుడు పోయినామె, ఆటో తోలేటోడు, వాళ్ళ ప్రేమ. అదే కదా కథ. విని విని నీకు తిక్క రేగేది. "ఒసే, ఆటోలో కూచోని హారను కొడతానే ఉంటాడా వాడు? దిగొచ్చి చెయ్యి పట్టుకోమనవే!" అంటివి.

వారపత్రికలకు పంపితే బాగలేదని కూడా ఎవురూ జవాబు రాయలేదు. కడాకు ఫోన్లో కథలేసే యాప్ ఒకటి దొరికింది. అది రచయిత్రి పేరు అడిగేసరికి నా పేరు కొట్టలేక ఫోను పక్కన పెట్టేసినాను. మీ మరిది సంగతి నీకు తెలీనిదా? ఆడది ప్రేమకథలు రాస్తే కాళ్ళు ఇరగ్గొడతాననే రకం. అప్పుడు నువ్వు నవ్వినావు.

"నా పేరు పెట్టుకో. నన్ను అడిగేదానికి మొగుడు యాడుండాడు?"

నువ్వు నవ్వతానే అన్నావు. నాకే ఆ పొద్దంతా ఏడుపు ఆగలేదు.

ఫోన్లో నీ పేరు చూసి ఊర్లో తెలిసినాక, ముండమోసిందానికి ప్రేమకథలేందని అత్త నిన్ను నడింట్లో నిలబెట్టి తిట్టింది. రాసింది నేనని చెప్పబోతే నా కాలు గట్టిగా తొక్కినావు. షెడ్డులోకి పోయినాక ఫోను లాక్కోని మళ్ళా మళ్ళా చూసుకున్నావు. "తిట్లు నాకు కొత్తా? నా పేరు రేషన్ కార్డులో తప్ప యాడా సూళ్ళేదే. ఇప్పుడు ఎంతమంది సదవతాండారో సూడు!" అన్నావు. ఆ పొద్దు నీ మొగంలో ఉన్న కళ నేను మళ్ళా చూడలేదు.

రాగి కోతకని రామకుప్పం పక్క మీ పుట్టింటికి పోతా, బస్సు కిటికీలోంచి అరిచినావు. "నేనొచ్చేలోపల వాళ్ళిద్దర్నీ హార్స్లీ హిల్స్‌కు పంపించు. మనమెట్లా పోలేదు, వాళ్ళన్నా పోనీ."

నువ్వు రాలేదు...

తెల్లారి చేను చూసొస్తానని పోయినావంట. రాగిచేలో ఏనుగుండాదని ఎవురికీ తెలీదంట. కుప్పం ఆస్పత్రిలో నీ మొగం మీద గుడ్డ తియ్యనీలేదు. కాళ్ళు చూపించినారు. మల్బరీ కొయ్య గుచ్చుకున్న మచ్చ చూసి నువ్వే అని చెప్పినాను. అంత పొద్దన్నే యాల పోయినావక్కా? నీతోపాటు ఒకర్ని పిలుచుకోని పోకూడదా?

ఆ తర్వాత నేను రాయలేదు. తర్వాతి భాగం ఏదని చదివేటోళ్ళు అడగతానే ఉండారు. ఒకామె, రెడ్డెమ్మగారికి ఒంట్లో బాగలేదేమో, బాగుంటే టెంకాయ కొడతానని మొక్కుకున్నానని రాసింది. అది చదివి గోడకు తల కొట్టుకున్నాను. ఈడ ఇంట్లో నీ పేరెత్తకూడదు. ఆడ మొగం తెలీనామె నీ పేరు మీద మొక్కుకుంటాండాది. అందుకే మళ్ళా రాసినాను. వాళ్ళిద్దర్నీ కొండెక్కించినాను. చెయ్యి కూడా పట్టుకున్నాడులే.

అది చదివి, హైదరాబాదు నుంచి పుస్తకాలు అచ్చేసేటాయన ఫోన్ చేసినాడు. ఇంగ దాచలేక ఇంట్లో చెప్పేసినాను. కాళ్ళు ఇరగ్గొడతానన్న మనిషి మదనపల్లె టమోటా మార్కెట్లో కూర్చోని, నా పెండ్లాం రచయిత్రి అని చెప్పుకుంటాండాడు! సచ్చినదాని పేరు అరిష్టం, నీ పేరే వేయించుకో అని ఒకటే పోరు. అచ్చేసేటాయనదీ అదే పాట. ప్రేమకథకు రెడ్డెమ్మ అనే పేరు ముసలిదాని మాదిరి ఉంటాదంట. నా పేరూ ఫొటో ఇస్తే సభ పెట్టి శాలువా కప్పుతారంట. కాదంటే, నీ పేరు ముందర కీర్తిశేషులు అని వెయ్యాలంట.

నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధమక్కా. నా పేరు అట్టమీద ఎట్లుంటాదో అని ఒక కాగితం మీద రాసి చూసుకున్నాను. బాగనే ఉండాది. పొయ్యిలో వేసేసినాను.

రెడ్డెమ్మ అని మాత్రమే వెయ్యండి, లేకుంటే మానుకోండి అని చెప్పినాను. ఆయన కడాకు ఒప్పుకున్నాడు. సభ లేదు, శాలువా లేదు. మీ మరిది నాతో మాట్లాడడం మానేసినాడు. నేను కెలికిన సంగటి అత్త ముట్టడం లేదు. ముట్టకుంటే పోనీ!

మొన్న పార్శిలొస్తే మదనపల్లెకు పోయి తెచ్చుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకోని దారి పొడుగునా నీ పేరు తడుముతా వచ్చినాను. ముందర కీర్తిశేషులు లేదు. ఉత్త రెడ్డెమ్మ.

ఇంటికొచ్చి బావ పటం పక్కన మేకు కొట్టి, పుస్తకానికి దారం కట్టి తగిలించినాను. పటం వద్దన్నారు గానీ పుస్తకం వద్దని ఎవురూ అనలేదు కదా? పొద్దన లేచి చూస్తే పుస్తకం కట్టెల్లో పడుండాది. అత్త పనే. మళ్ళా తగిలించినాను. ఈ పొద్దు మళ్ళా లేదు.

రేపు ఇంకొకటి తగిలిస్తాను. ఎల్లుండి తీసేస్తే ఎల్లుండి కూడా. పార్శిల్లో శానా ఉండాయిలే అక్కా... అత్తకు ఓపిక అయిపోవాల గానీ నీ పేరు అయిపోదు.

నీ పేరుతో రాసేది,
నీ చెల్లెలు