మేనమామకు చోటు లేని కాగితం

మంగళవారం

మా అన్న లఫుకేనికి,

నీ చెల్లెలు ఫైనెసి రాస్తున్నది. ఆసుపత్రి వాళ్ళు నన్ను పంపించేసి తొమ్మిది రోజులైంది. దగ్గు తగ్గింది. ఇంకా ఇంటికి రాలేదని నీకు కోపంగా ఉంటుంది. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడి "పోనీలేవే" అంటావు. ఆ మాట వినలేకే రాస్తున్నా. నా చదువు నాలుగో క్లాసు, తప్పులుంటే నువ్వే సర్దుకో.

టౌనులో మన ఊరి మలితా ఇంట్లో ఉన్నా. ఎందుకంటే, నర్సులకూ టీచర్లకూ ఉన్నట్టే సోషల్ వర్కర్లకూ ఇప్పుడొక పెద్ద పుస్తకం పెడుతున్నారు. అందులో పేరు ఎక్కినవాళ్ళే ఇక ఆ పని చెయ్యాలట. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే ముందే చెప్పమన్నారు. నేను చెప్పాను. ఆ సోషల్ వర్కర్ పిల్ల లొంజెజో మీద చెప్పాను. గురువారం కమిటీ ముందుకు రమ్మన్నారు. నా బిడ్డను నీళ్ళపాలు చేసిన ఆ పిల్ల పేరు పుస్తకంలోకి ఎలా ఎక్కుతుందో చూస్తా.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తా అన్నా, రాయకపోతే ఊపిరాడటం లేదు. నేను ఆసుపత్రిలో ఉన్న ఆరు నెలలూ నా బిడ్డ తియమికె నీ దగ్గర ఉండాలనుకున్నాం. మూర్ఛ బిళ్ళలు నువ్వు వేశావు, నీళ్ళకు ఒంటరిగా పంపలేదు. ఆ లొంజెజో ఆఫీసు కారేసుకుని మన వాకిట్లోకి వచ్చి, "తండ్రి బతికుండగా బిడ్డ ఇక్కడెందుకుంది?" అందట.

"ఎక్కడుండాలమ్మా మరి? చెల్లెలి బిడ్డ నా బిడ్డ కాదా? నువ్వేమైనా ఆకాశంలోంచి దిగావా?" అన్నావట నువ్వు.

"కాగితంలో తల్లి, తండ్రి అనే ఉంది బాబాయ్. మేనమామ లేడు."

మనలో మొగుడే పెళ్ళాం ఊరొచ్చి కాపురం చేస్తాడు, పొసగకపోతే తన దుప్పటి తీసుకుని పోతాడు. పిల్లలు ఎక్కడికీ పోరు, మేనమామే వాళ్ళకు పెద్దదిక్కు. ఇది కోళ్ళు కాసే పిల్లలకు కూడా తెలుసే! చదువుకున్నదానికి తెలియదా? బిడ్డను ఎక్కించుకుని పోతుంటే నువ్వు కారు వెనక పరుగెత్తి, "నీళ్ళ దగ్గరికి పంపొద్దని చెప్పు తల్లీ" అని అరిచావు. చెబుతానంది. సరస్సు ఒడ్డున బిడ్డ తండ్రి లేసన్ ఇంటికి తీసుకుపోయింది; వాడు లేడు, చేపలకు పోయాడు. మధ్యాహ్నానికి కారు తిరిగిచ్చెయ్యాలని వాడి కొత్త పెళ్ళాం చేతికి బిడ్డనూ బిళ్ళలనూ ఇచ్చి వచ్చేసింది. నీళ్ళ సంగతి చెప్పనే లేదు. పదకొండో రోజు ఆమె బిందె ఇచ్చి పంపింది. మూర్ఛొచ్చి మోకాలి లోతు నీళ్ళలో పోయింది నా బిడ్డ. మోకాలి లోతు అన్నా!

నువ్వు క్షమించమంటావు. నా వల్ల కాదు.

నీ చెల్లెలు
ఫైనెసి


శుక్రవారం

మా అన్నకు,

ఇది చదివాక నన్ను ఏమని పిలుస్తావో నాకు తెలియదు. అయినా మా అన్నకనే రాస్తున్నా.

నిన్న కమిటీలో అయిదుగురు కూర్చున్నారు. నేను అంతా చెప్పాను, గొంతు చించుకుని చెప్పాను. కళ్ళద్దాల పెద్దమనిషి లొంజెజోను అడిగాడు, "తల్లి ఒప్పుకుందా?" అని. ఆ పిల్ల ఒళ్ళో కాగితాల కట్ట ఉంది. పైకాగితం మీద నా సంతకం నాకు కనబడుతూనే ఉంది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది. "తప్పు నాదండీ, నేనే నిర్ణయించాను" అంది.

అవునన్నా. సంతకం పెట్టాను. నీకు చెప్పలేదు. ఆ పిల్ల మన వాకిట్లోకి రాకముందే వార్డుకు వచ్చింది. "తండ్రి ఉన్నాడా? మంచివాడేనా? చూసుకుంటాడా?" అని అడిగింది. చుట్టూ మంచాల మీద ఆడవాళ్ళంతా చెవులు రిక్కించారు. మొగుడు వదిలేసిపోయాడని వాళ్ళ ముందు చెప్పడానికి సిగ్గేసింది. "బంగారం లాంటి మనిషి, బిడ్డంటే ప్రాణం" అన్నాను. బిడ్డ మన ఊళ్ళో ఉందన్నానే గానీ నీ పేరు ఎత్తలేదు. మూర్ఛ సంగతి కూడా ఎత్తలేదు, పక్క మంచం ఆవిడ అంటురోగమనుకుని దూరం జరుగుతుందని. చూపించిన చోట గీకాను.

ఆ కాగితం చూపిస్తే ఆ పిల్ల సగం బయటపడేది. చూపించలేదు. నా మీద జాలిపడింది! నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, "తియ్యవే ఆ చెయ్యి! నీ జాలి ఎవడడిగాడు?" అని అరిచాను. కాగితం నేనే లాక్కుని వాళ్ళ ముందు పరిచాను. అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా, ఎటూ ఈ అమ్మాయి పేరు ఎక్కించం. విషయం అయిపోయింది" అన్నాడు. అయిపోయిందట!

"ఈ కాగితం ఎవరు అచ్చేయించారయ్యా?" అన్నాను.

"అది చాలాకాలంగా ఉన్నదేనమ్మా. బయటి దేశాల పద్ధతి."

"మిమ్మల్ని పెంచిందెవరు? చెప్పండి, ఒక్కొక్కరూ."

నలుగురు ముందున్న కాగితాలు సర్దుకున్నారు. చివర కూర్చున్న ఒకావిడ మాత్రం "మా మేనమామ" అంది నేలచూపులు చూస్తూ. లొంజెజోను అడిగాను. "మా మామయ్యేనమ్మా. కాలేజీకి పంపింది కూడా ఆయనే" అంది.

"మరి తెలిసి కూడా తండ్రి పేరెందుకు రాశావే?"

"అది ఇంటి సంగతి, ఇది ఉద్యోగం అనుకున్నాను. కాలేజీలో మన ఇళ్ళ మాట ఎత్తితే నవ్వేవాళ్ళు."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది అన్నా. కానీ అప్పుడు తెలిసింది, ఈ పిల్లను గెంటేస్తే వీళ్ళు చేతులు కడుక్కుని టీ తాగుతారు. రేపు ఇంకో పిల్ల ఇదే కాగితంతో ఇంకో వాకిట్లోకి వస్తుంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. "కాగితం మారకుండా ఎవరి పేరు ఎక్కించినా మళ్ళీ వస్తా, ఈ గుమ్మంలోనే కూర్చుంటా" అన్నాను. రాసుకున్నారు. మారుస్తారో లేదో దేవుడికే తెలుసు.

బయట లొంజెజో నా కాళ్ళ మీద పడబోయింది. "నేనే మానేస్తానమ్మా" అంది.

"మానేస్తే మర్చిపోతావు. నేను నిన్ను క్షమించలేదు, అందుకే ఉండమంటున్నా. అడుగుపెట్టిన ప్రతి ఇంట్లోనూ నా బిడ్డ గుర్తుకు రావాలి నీకు" అన్నాను. వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఆమెనే క్షమించనిదాన్ని, నన్ను క్షమించమని నిన్నెలా అడుగుతాను? అడగను. వచ్చే శనివారం మినీబస్సులో వస్తున్నా. తిట్టాలనుంటే వాకిట్లోనే నిలబెట్టి, అందరూ వినేట్టు తిట్టు. నలుగురి ముందు సిగ్గుపడే కదా నేను బిడ్డను పోగొట్టుకున్నది.

తియమికె తల్లి
ఫైనెసి