నా గొంతుతో మొదలయ్యే పాట

మంగళవారం, పడుకునే ముందు

నవీన్ సోలో ఆల్బమ్ ఈరోజు వచ్చింది. ఆఫీసు అయ్యాక రాయదుర్గంలో మెట్రో ఎక్కి విన్నాను. మా బ్యాండులో పాడేది వాడు, డ్రమ్స్ నేను. ఖాజాగూడ గదిలో ప్రాక్టీసు చేస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకున్న పాట కూడా అందులో ఉంది. మొదట వినిపించేది నా గొంతే, ప్రతి పాటకు ముందు అనే మాటే: "ఒకటి, రెండు, మూడు, ఇగ పట్టు." ఆ తర్వాత డ్రమ్స్ మాత్రం కంప్యూటర్‌వి.

కోపం రావాలేమో. రాలేదు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది, అంతే.

ఇంటికొచ్చాక వాడే ఫోన్ చేశాడు.

"నీ గొంతు తీసెయ్య బుద్ధి కాలేదన్నా. ఎట్లుంది?"

"మంచిగుంది" అన్నాను.

శనివారం ప్రాక్టీసుకు రమ్మంటాడేమోనని ఫోన్ పెట్టకుండా ఆగాను.

"మంచిదన్నా, ఉంట" అన్నాడు.